ముట్టుకోకూడని కాపు

మా నాన్న లాయరును పెట్టుకున్న ఏడాదే మా మామిడి చెట్లు విరగకాశాయి. ఈ రెండూ ఒకే ఏడాది జరగాలా అని అప్పుడే దేవుణ్ణి అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. బహుశా ఆయనా ఏ లాయరునో అడిగి చెబుదామని ఆగాడేమో.

మాది గిమారాస్ దీవి. ఇక్కడ మామిడి చెట్టు తనంతట తానే పూస్తుందని ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోరు. జనవరిలో చెట్లకి మందు కొట్టేవాడు వస్తాడు. చెట్టు మనది; మందు, మనుషులు, శ్రమ అతనివి. పూత రప్పించడం, పురుగు చంపడం, పిందె కోడిగుడ్డంత కాగానే ఒక్కో కాయకీ పాత న్యూస్‌పేపరు చుట్టడం, ముదిరాక కోయడం, అన్నీ అతనే చూసుకుంటాడు. కాపులో రెండు వంతులు అతనికి, ఒక వంతు చెట్టు గలవాళ్లకి. కాగితం ఉండదు, సంతకం ఉండదు. చెట్టు కింద ఇద్దరూ ఒకే గ్లాసులో రమ్ము తాగితే ఒప్పందం అయిపోయినట్టే.

మా చెట్లకి మందు కొట్టేవాడు దాదోయ్. అతని కొడుకు బాప్తిస్మానికి నాన్న జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. అప్పటినుంచి వాళ్లిద్దరూ ఒకరినొకరు ‘పారే’ అని పిలుచుకుంటారు, ఆడవాళ్లయితే ‘మారే’. అన్నదమ్ములతో గట్టు తగాదా పెట్టుకున్నా ఊరు పట్టించుకోదు. పారేతో పెట్టుకుంటే మాత్రం చర్చి మెట్ల మీద కూడా దాని గురించే మాట్లాడుకుంటారు.

చెట్లు పదకొండు. అమ్మకి వాళ్ల నాన్న ఇచ్చినవి. రెండేళ్లుగా పూతంతా వానలకి రాలిపోయి చెట్లు ఉత్తగా నిలబడ్డాయి. అమ్మకి అన్న, మా అన్సెల్మో మామయ్య, అవతల ఒడ్డున ఇలోయిలో నగరంలో ఉంటాడు. ఎవరో రిసార్టు కట్టేవాళ్లు ఆయన వాటా నేలని, దాని పక్కనే ఉన్న మా చెట్ల నేలని కలిపి కొంటామన్నారట. విడిగా అయితే వద్దన్నారట. ఆయన వచ్చినప్పుడల్లా ఈ సంగతి నాన్నతోనే మాట్లాడేవాడు. “చూద్దాంలే బావా, నీ మాట కాదంటానా” అనేవాడు నాన్న. అమ్మ వాళ్ల పళ్లేలు తీస్తుండేది.

ఆ క్రిస్మస్‌కి మాత్రం పళ్లేలు పట్టుకుని ఆగింది. “ఈ ఏడాది కాపు చూడన్నయ్యా. ఆ తర్వాత మాట్లాడదాం” అంది.

“కాయలేదనుకో, రంపం పట్టుకొచ్చేస్తా” అని నవ్వాడు మామయ్య. నాన్నా నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

కాబట్టి ఆ వేసవి మా ఇంట్లో అందరికీ తెలుసు, కాయ చేతికి రాకపోతే చెట్లుండవని. నాన్నకీ తెలుసు. అందుకే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఫిబ్రవరిలో ఆకు కనపడనంత పూత వచ్చింది. వాన పడలేదు. పిందెలు నిలిచాయి, కోడిగుడ్డంత అయ్యాయి. ఇక పేపరు చుట్టే పని. అది ఆలస్యమైతే పండు ఈగ వాలి గుడ్లు పెడుతుంది. పైకి నున్నగా కనిపించే కాయలో లోపలంతా పురుగు. సరిగ్గా అప్పుడే దాదోయ్ రావడం మానేశాడు.

నాన్న వాళ్లింటికి బయల్దేరాడు. నోరు జారకుండా చూడమని అమ్మ నన్ను తోడు పంపింది. దాదోయ్ భార్య లిలిత్ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

“మీ ఆయనేడి?” అన్నాడు నాన్న.

“బ్వెనావిస్తాలో ఉన్నాడు పారే. అక్కడొక వ్యాపారి తోట. మందులన్నీ ఆయన దగ్గరే అరువు తెచ్చాం కదా, రమ్మంటే కాదనలేం.”

“మరి నా చెట్లో?”

“అదే చెప్తున్నా. లోపలికి రండి, కాఫీ పెట్టా. నెల్ఫా, నువ్వూ రా.”

“నీ కాఫీ నువ్వే తాగు” అని నాన్న వెనక్కి తిరిగాడు.

మా దగ్గర పారే ఇంట్లో కాఫీ వద్దనడం చెంప మీద కొట్టడంతో సమానం. లిలిత్ మొహం పాలిపోయింది. నేనేదో సర్దిచెప్పబోయాను గానీ నాన్న అప్పటికే రోడ్డెక్కేశాడు.

ఇంటికి రాగానే ప్రకటించాడు. “లాయరును పెడతా.”

అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. “ఆ డబ్బుతో నలుగురు మనుషుల్ని పెట్టి పేపరు చుట్టించు. అయిపోతుంది” అంది.

“ఇది డబ్బు సంగతి కాదు. మాట సంగతి. మాటిచ్చి తప్పాడు.”

“మాటకి పురుగు పట్టదు. కాయకి పడుతుంది.”

“నీకు తెలీదు, ఊరుకో” అన్నాడు నాన్న. అమ్మ ఊరుకుంది. అమ్మ ఊరుకుందంటే ఒప్పుకుందని నాన్న అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

*

దీవిలో మాకు తెలిసిన లాయరు ఒక్కడే, ముసలాయన. నాన్న చెప్పిందంతా కళ్లు మూసుకుని విని, చివర్లో తెరిచి, “దాదోయ్ పెళ్లికి జ్ఞానతండ్రిని నేనే కదయ్యా” అన్నాడు.

ఇది మా వాళ్లకున్న జబ్బు. పెళ్లయినా బాప్తిస్మమైనా ఒక లాయరో డాక్టరో మేయరో పక్కన నిలబడాలి, రేపు అవసరం పడతాడని. తీరా అవసరం పడిన రోజున చూస్తే ఎదుటివాడు ఆ పని మనకంటే ముందే చేసి ఉంటాడు. ముసలాయన పాపం మమ్మల్ని ఉత్త చేతులతో పంపడం ఇష్టంలేక నా వైపు తిరిగాడు. “నీ పెళ్లికీ నిలబడతానమ్మా. ఎప్పుడు?” అన్నాడు. నాకప్పుడు ఇరవై తొమ్మిది. అలాంటి ప్రశ్నలు వినడానికి నేను సెలవు పెట్టుకుని వెళ్లాను.

తర్వాత పడవెక్కి ఇలోయిలో వెళ్లాం. రేవులో టిక్కెట్లు అమ్మేది నేనే కనుక నాకు ఛార్జీ లేదు, నాన్నకుంది. దానికీ గొణిగాడు.

అక్కడ మొదట దొరికింది ఒక లాయరమ్మాయి. ఫొటోకాపీ షాపు పైన చిన్న గది, గోడకి ఫ్యాను. అంతా శ్రద్ధగా విని, “కాయలకి పేపరు చుట్టించారా?” అని అడిగింది.

“చుట్టాల్సింది వాడు!” అన్నాడు నాన్న.

“నిజమే. కానీ ముందు కాయ కాపాడుకోండి బాబాయ్. అయిన ఖర్చు తర్వాత అడుగుదాం. మీకు చేతనైనంత వరకు నష్టం తగ్గించుకోవాలని చట్టమే చెప్తుంది. కేసు ఎక్కడికీ పోదు.”

మెట్లు దిగుతూనే నాన్న చిర్రెత్తిపోయాడు. “లాయరు దగ్గరికొస్తే చెట్టెక్కమంటుందేంటే? దానికి గొంతే లేదు. జడ్జికి ఏం వినబడుతుంది?”

“ఆ అమ్మాయి చెప్పింది సరిగ్గానే ఉంది నాన్నా.”

“నీకూ గొంతే లేదు” అన్నాడు.

గొంతున్న లాయరు రెండు వీధుల అవతల దొరికాడు. అటార్నీ మోంద్రాగోన్. ఏసీ గది, బిషప్పుతో దిగిన ఫొటో, మనిషి కూర్చుంటే నిట్టూర్చే తోలు కుర్చీ. నాన్న రెండు ముక్కలు చెప్పాడో లేదో, అరచేత్తో బల్ల మీద కొట్టి, “బ్రీచ్ ఆఫ్ కాంట్రాక్ట్!” అన్నాడు. నాన్న మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్లూ తన కడుపులో ఉన్న బాధకి ఎవరో పేరు పెట్టినట్టు సంబరపడ్డాడు. తిరిగి పడవలో ఆ మాటే మూడు నాలుగుసార్లు గొణుక్కున్నాడు, జపం చేసినట్టు.

అటార్నీ రెండు సంగతులు చెప్పాడు. మొదటిది: “కాయ ముట్టుకోవద్దు. ఒక్కటంటే ఒక్కటి కూడా. మీరు చుట్టారనుకోండి, పని మీరే తీసుకున్నారు, నాకేం సంబంధం అంటాడు. కోశారనుకోండి, నా రెండు వంతులు దొంగిలించారంటాడు. నష్టం జరగనివ్వండి. నష్టం కళ్లకి కనబడాలి. అదే మన బలం.”

రెండోది: “ఇద్దరూ ఒకే ఊరివాళ్లు కాబట్టి ముందు మీ బరంగాయ్ పెద్ద దగ్గర రాజీకి కూర్చోవాలి. అక్కడ కుదరలేదని ఆయన రాసిస్తేనే కోర్టు. ఆ రాజీలోకి లాయర్లని రానివ్వరు.”

“మరి మీరేం చేస్తారు?” అన్నాను నేను.

“వస్తాను. బయట కూర్చుంటాను.”

“బయట కూర్చుంటే ఫీజు ఉండదు కదా?”

“హాజరు ఫీజు ఉంటుంది” అన్నాడు నవ్వుతూ.

హాజరు కాకుండా ఉన్నందుకు హాజరు ఫీజు. నాన్న డబ్బు తీసి ఆనందంగా లెక్కపెట్టి ఇచ్చాడు. నేను బిషప్పు ఫొటో వంక చూస్తూ నిలబడ్డాను, ఆయనైనా ఏమైనా అంటాడేమోనని.

*

మొదటి పిలుపు మార్చిలో. బరంగాయ్ హాలంటే మా ఊరి పంచాయతీ ఆఫీసు. దానికి ఎదురుగా రోడ్డవతల బేబింగ్ అక్క కొట్టుంది. అటార్నీ ఆ కొట్టు ముందు బల్ల మీద స్థిరపడ్డాడు. చల్లటి డ్రింకు, వేయించిన అరటికాయ, ఆ తర్వాత ఇంకో అరటికాయ. పొద్దున్నే రమ్మన్న మా పెద్ద, కాపితాన్, మధ్యాహ్నం భోజనం అయ్యాక వచ్చాడు. “అందరూ తిన్నారా?” అన్నాడు. తినలేదు. సరే తినిరండి అన్నాడు. మా ఊళ్లో ఆకలి మీద రాజీ కుదరదని ఆయన నమ్మకం.

దాదోయ్ వచ్చాడు. చేతులకింకా పురుగుమందు వాసన. నాన్నని చూసి నవ్వబోయాడు.

నాన్న లేచి నిలబడ్డాడు. “మీరు కాంట్రాక్టు ఉల్లంఘించారు” అన్నాడు.

దాదోయ్ నవ్వు అక్కడే ఆగిపోయింది. “ఏంటి పారే, నన్ను ‘మీరు’ అంటున్నావు?”

“దానికి జవాబు చెప్పండి.”

“చెప్పడానికేముంది? ఆ వ్యాపారి మందులాపేస్తే వచ్చే ఏడాది ఈ ఊళ్లో ఎవరికీ పూత ఉండదు. ఆయన తోట కానిచ్చి వస్తాను, కొంచెం ఆగమని లిలిత్‌తో చెప్పించాను కదా.”

“ఆవిడ నాకేం చెప్పలేదు.”

“చెప్పేదాకా నువ్వు ఉన్నావా? కాఫీ కూడా తాగలేదట!” అతనికి కేసుకన్నా ఆ కాఫీయే ఎక్కువ తగిలింది.

మా భాష మెత్తన. మేం తిట్టుకున్నా జోల పాడినట్టే ఉంటుందని బయటివాళ్లు నవ్వుతారు. ఆ రోజు వాళ్లిద్దరూ అలాగే జోలలు పాడుకుంటుంటే, కాపితాన్ మధ్యలో చెయ్యెత్తి, “దాదోయ్, ఆ తోట అవగానే వచ్చి చుట్టేస్తావా?” అన్నాడు.

“చుట్టేస్తాను.”

“విన్నావుగా. ఏమంటావు?” అని నాన్నని అడిగాడు.

నాన్న ఒక్క క్షణం మెత్తబడ్డాడు. నేను కళ్లారా చూశాను. కానీ “ఒక్క నిమిషం” అని రోడ్డు దాటి కొట్టు దగ్గరికి గబగబా వెళ్లాడు. తిరిగొచ్చి, చెమట తుడుచుకుంటూ, “ఒప్పుకుంటే మన కేసు పోతుందంటున్నారు” అన్నాడు.

“ఎవరంటున్నారు?” అన్నాడు కాపితాన్.

“అటార్నీ.”

“అటార్నీలిక్కడ ఉండకూడదు. కాబట్టి నేను వినలేదు. మళ్లీ చెప్పు, నువ్వేమంటావు?”

నాన్న మళ్లీ కొట్టు వైపు చూశాడు. అటార్నీ అరటికాయ పట్టుకున్న చెయ్యి అడ్డంగా ఊపాడు. వాయిదా పడింది.

దారిలో నేను నోరు విప్పాను. “కాయ చుట్టేస్తానంటున్నాడు కదా నాన్నా. ఇంకేం కావాలి నీకు?”

“క్షమాపణ కావాలి.”

“అడిగావా?”

“అది అడిగి తీసుకునేది కాదు.”

“మరి లాయరుతో ఎందుకు?”

మోటారు ట్రైసికిల్ నడిపేవాడు అద్దంలో నన్ను జాలిగా చూశాడు.

*

ఆ వారాల్లో మా ఇంట్లో ఉండడం కంటే రేవులో కూర్చుని ఉప్పుగాలి మింగడం నయమనిపించేది. ఇంటి దగ్గరి నాలుగు చెట్ల కింద నాన్న స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాడు. దొంగల నుంచి కాదు, మా నుంచి. మిగతా ఏడు చెట్లూ దిగువ వాలులో ఉన్నాయి. మోకాలు నొప్పికి నాన్న అంత కిందికి దిగలేడు. “అటు నువ్వు చూడు, ఎవరూ ముట్టుకోకుండా” అని అమ్మకి అప్పగించాడు.

“చూస్తాలే” అంది అమ్మ.

ఇంటి దగ్గరి చెట్లకి ఈగ పట్టనే పట్టింది. మొదటి పురుగు కాయ రాలిన రోజు నాన్న దాన్ని బంగారు నాణెం దొరికినట్టు పట్టుకొచ్చి ప్లాస్టిక్ సంచిలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాడు. సాక్ష్యమట. తర్వాత ఇంకోటి, ఇంకోటి. చివరికి చేపలు పెట్టుకోవడానికి చోటు లేదు. అమ్మ చేపల్ని ఉప్పేసి ఎండబెట్టడం మొదలుపెట్టింది. నేను నీళ్ల సీసా కోసం తలుపు తీసినప్పుడల్లా సాక్ష్యం వాసన గుప్పుమనేది.

“అటార్నీ చూస్తే మెచ్చుకుంటాడు” అనేవాడు నాన్న.

“అటార్నీని కూడా ఫ్రిజ్‌లో పెట్టు నాన్నా, చెడిపోకుండా ఉంటాడు.”

అమ్మ మాత్రం దేనికీ విసుక్కోలేదు. రేవు క్యాంటీనులో పోగుపడే పాత పేపర్లు రోజూ తెమ్మనేది, అల్మారాల్లో పరవడానికని. మా ఇంట్లో ఉన్నవి రెండు అల్మారాలు. నేను కట్టలు కట్టలుగా మోసుకొచ్చాను, ఒక్కసారీ ఆలోచించలేదు. అంత చిరాకులో ఉన్నాను.

పిలుపుల మీద పిలుపులు. ఒకసారి దాదోయ్‌కి జ్వరమన్నారు. ఒకసారి కాపితాన్ ఎవరి శవయాత్రకో వెళ్లాడు. ఒకసారి అందరూ వచ్చారు గానీ, రాజీ కూర్చునే హాల్లోనే పిల్లలకి టీకాలేస్తున్నారు. ఏం జరగకపోయినా ఆ రోజంతా పోయేది. పొద్దున్నే వెళ్లి చీకటి పడబోతుండగా ఇంటికి చేరేవాళ్లం. అటార్నీ ప్రతిసారీ పడవలో వచ్చి, కొట్టు ముందు కూర్చుని, తిని, ఫీజు తీసుకుని వెళ్లాడు. బేబింగ్ అక్క ఆ వేసవిలోనే కొట్టుకి సిమెంటు గచ్చు వేయించుకుంది.

నాన్న చేతులు మాత్రం ఖాళీ అయ్యాయి. వాయిదాకో కోడిని అమ్మాడు. నేను కనపడిన ప్రతివాడికీ టిక్కెట్టు చింపి ఇస్తూ, వచ్చే పడవలో మోంద్రాగోన్ లేకపోతే బాగుణ్ణు అనుకునేదాన్ని.

ఆఖరి పిలుపుకి దాదోయ్ రాలేదు. కాపితాన్ కూడా విసిగిపోయాడు. రాజీ కుదరలేదు, కోర్టుకి వెళ్లొచ్చు అని రాసి ఇచ్చాడు. “తీసుకో. ఇంక నా ప్రాణం తినకు” అన్నాడు. నాన్న ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. అటార్నీ రోడ్డు దాటి వచ్చి మరీ నాన్న భుజం తట్టాడు. చెట్లకి, పురుగు కాయలకి ఫొటోలు తీస్తానని కెమెరా చూపించాడు. ముగ్గురం ట్రైసికిల్లో ఇరుక్కుని ఇంటికొచ్చాం.

మలుపు తిరగగానే నాన్న మాట ఆగిపోయింది.

ఇంటి దగ్గరి నాలుగు చెట్లకీ పేపర్లు వేలాడుతున్నాయి. పురుగు పట్టనివి ఎన్ని మిగిలాయో అన్నిటికీ చుట్టి, కొబ్బరి ఈనె గుచ్చారు. చెట్టుకి ఆనించిన వెదురు నిచ్చెన మీద లిలిత్. అవతలి కొమ్మల్లో ఆమె చెల్లెళ్లిద్దరు. కింద చాప మీద కూర్చుని పేపరు గొట్టాలు చుడుతూ అమ్మ.

అటార్నీ కెమెరా దించాడు. “ఎవరు చేశారిది?”

“మేమే” అంది అమ్మ.

“ముట్టుకోవద్దని చెప్పాను కదండీ!”

“ఆయనకి చెప్పారు. ఆయన ముట్టుకోలేదు పాపం, చాలా నిష్ఠగా ఉన్నాడు.”

“మీరు ఆయన భార్య!”

“భార్యనే. మీ క్లయింటుని కాదు కదా” అంది అమ్మ, చేతిలోని గొట్టం పూర్తి చేస్తూ. “చెట్లు మా నాన్న నాకిచ్చినవి. అన్నం ఉంది, తింటారా?”

పైనుంచి లిలిత్ కేకేసింది. “మారే, ఇంకో కట్ట అందించు!”

నాన్న కర్ర పట్టుకుని వాలులోకి దిగడం మొదలుపెట్టాడు. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించాడు. కింద ఏడు చెట్లూ నిండుగా, కొస కొమ్మ దాకా చుట్టి ఉన్నాయి. కొన్ని పేపర్లు అప్పటికే ఎండకి పసుపెక్కాయి. మేం ఊళ్లో కూర్చున్న ప్రతి వాయిదాకీ రెండేసి చెట్లు. రేవు క్యాంటీనులో నేను చదివి పారేసిన వార్తలన్నీ అక్కడ వేలాడుతున్నాయి. నాన్న ఒక కాయని పేపరు మీదుగా వేళ్లతో తడిమాడు. గట్టిగా ఉంది. వదిలేశాడు.

పైకెక్కడానికి చాలాసేపు పట్టింది. ఇంట్లోకి వెళ్లి ఫ్రిజ్ తలుపు తీసి, సాక్ష్యమంతా తీసి పందికి వేశాడు. అటార్నీ భోంచేసి, ఫీజు తీసుకుని, సాయంత్రం పడవకి వెళ్లిపోయాడు.

“నాకైనా చెప్పొచ్చు కదమ్మా” అన్నాను ఆ తర్వాత.

“నువ్వు వాళ్లతో తిరుగుతున్నావు. నీ మొహంలో ఏదీ దాగదు” అంది అమ్మ.

వాయిదాలు అడిగింది, జ్వరం కబురు పంపింది లిలిత్. ఆవిణ్ణి ఎందుకిలా చేశావని నేను అడిగితే విచిత్రంగా చూసింది. “మా ఆయన మాట తప్పితే ఆ సిగ్గు నాది కాదా? పైగా మా రెండు వంతులు చెట్టు మీద కుళ్లిపోతుంటే చూస్తూ ఊరుకోవాలా? మగాళ్లు తేలుస్తారని కూర్చుంటే అయినట్టే!” అంది.

*

మే నెలలో కోత. దాదోయ్ పొడుగాటి వెదుర్లకి చిక్కాలు కట్టుకుని వచ్చాడు. గేటు దగ్గర ఆగి, “పారే” అన్నాడు. నాన్న తలూపాడు, అంతే. స్టూలు రోడ్డు వైపుకి తిప్పుకుని, కోతకి వీపు పెట్టి కూర్చున్నాడు. క్షమాపణ ఎవరు ఎవరికి చెప్పాలన్నది అప్పటికి బాగా చిక్కుపడిపోయింది. అటార్నీ నుంచి కోర్టు ఖర్చుల గురించి కబురొస్తే, “చూద్దాం” అని పంపాడు.

అమ్మతో కూడా ఆయన మాటలు తగ్గించేశాడు. ఊరంతా నవ్విందని కోపం. పెద్దగా నవ్వినవాళ్లలో నేనూ ఉన్నానని నా మీద ఇంకాస్త.

కాయలు బుట్టల్లో దిగుతున్నాయి. పేపరు విప్పితే మచ్చ లేదు, గీత లేదు. అమ్మ, లిలిత్ గోనె పట్టా మీద కూర్చుని సొన తుడుస్తూ ఏరుతున్నారు. అంత కాపు నేను పుట్టాక ఆ చెట్లకి చూడలేదు. కళ్లు నిండాయి, ఆ రోజు ఎవరేమన్నా నాకు కోపం రాదనుకున్నాను.

మామయ్య అప్పుడొచ్చాడు. చంకలో ఫోల్డరు, కాళ్లకి నగరం చెప్పులు. బుట్టల్ని చూశాడు, “బాగానే కాసింది” అన్నాడు, కాయ ఒకటి తీసుకుని వాసన చూశాడు. తర్వాత అమ్మని దాటుకుంటూ నడిచి నేరుగా నాన్న స్టూలు దగ్గరికి వెళ్లాడు.

“ఒక్క ఏడాది కాస్తే ఏమొస్తుంది బావా? మళ్లీ వానొస్తే అంతే. వాళ్లు ఈ నెలాఖరు దాకానే ఆగుతామంటున్నారు. నువ్వు ఊ అంటే చాలు.”

నాన్న ఏమంటాడో నాకు తెలుసు. ఏళ్ల తరబడి అదే అన్నాడు. పైగా ఇప్పుడు కోపం మీద ఉన్నాడు. లిలిత్ చేతిలో గుడ్డ ఆగింది. చెట్టు మీద దాదోయ్ వెదురు కూడా ఆగింది.

నాన్న తల తిప్పలేదు. “నన్నడక్కు” అన్నాడు విసురుగా. “నేనెవర్ని? చెట్లావిడవి. ఆవిణ్ణే అడుగు.”

పెద్దమనసుతో అన్నాడని నేను చెప్పను. ఉక్రోషంతో అన్నాడు. అందరి ముందూ అమ్మని పొడుద్దామని అన్నాడు. కానీ అన్నాడు.

మామయ్య వెనక్కి తిరిగి చెల్లెలి ముందు నిలబడ్డాడు. ఎలా మొదలుపెట్టాలో ఆయనకి తెలియలేదు. ఫోల్డరు ఆ చంక నుంచి ఈ చంకకి మార్చుకున్నాడు. “ఏమ్మా... మరి... ఏమంటావు?”

“చెట్లు అమ్మనన్నయ్యా” అంది అమ్మ.

“అలా కాదు. నిదానంగా ఆలోచించి చెప్పు.”

“పెళ్లయినప్పట్నుంచీ ఆలోచిస్తూనే ఉన్నా. ఇవాళ అడిగావు.”

మామయ్య మళ్లీ నాన్న వైపు చూశాడు. నాన్న ఇంకా రోడ్డు వైపే చూస్తున్నాడు.

“విన్నావుగా” అన్నాడు నాన్న.